మాస్టారు చెప్పని విరామాలు

కోర్టులో ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు టైపు చేసింది. సాక్షి చెప్పింది చెప్పినట్టు. దగ్గు రాయనక్కర్లేదు. ఏడుపు, జడ్జి గారు రాయమంటే రాయాలి. ప్రశ్న అడిగాక సాక్షి నోరు విప్పకపోతే మాత్రం ఎవరూ చెప్పకుండానే రాయాలి: సాక్షి జవాబు ఇవ్వలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒక ముసలి గుమాస్తా ఆమెకు ఈ సంగతి చెప్పాడు.

"మాట పోతే మాట పడతాం. మౌనం పోతే కేసే పోతుంది."

ఆయన మరుసటేడు రిటైరయ్యాడు. ఆయన ముఖం ఆమెకు గుర్తులేదు. మాట వేళ్ళలో ఉండిపోయింది.

తన వంతు వచ్చి తనూ రిటైరయ్యాక, రెండో అంతస్తులోని ఒంటి గదిలో పొద్దున తొమ్మిదికల్లా పనులన్నీ అయిపోయేవి. కిటికీకి ఎదురుగా పక్క ఇంటి గోడ. గోడ మీద నీళ్ళ గొట్టం. ఆదివారం అక్క ఫోను చేసేది.

"పెళ్ళి చేసుకోవే అంటే ఫైళ్ళు చేసుకున్నావు. ఇప్పుడు ఫైళ్ళూ లేవు. ఏం చేస్తున్నావు మరి?"

"కూర్చున్నాను."

"కూర్చోవడం కూడా ఒక పనేనా?"

"పనే. నడుం నొప్పి పుడుతోంది."

ఒకరోజు జెరాక్సు కొట్టు అద్దం మీద ఒక కాగితం అంటించి ఉంది. వేగంగా టైపు చేసేవారు కావలెను. సంగీతం రాకపోయినా ఫరవాలేదు. దాని కింద ఇంకెవరో వణికే చేత్తో రాసిన మరో ముక్క: రాకపోతే మరీ మంచిది.

ఆ చెయ్యి మాస్టారిది. నీటి సరఫరా శాఖలో ఒక బ్యాండు ఉంది. పంపులు తిప్పేవాళ్ళు, మీటర్లు చూసేవాళ్ళు, గొట్టాలు అతికేవాళ్ళు, మొత్తం పద్నాలుగు మంది. దానికి మాస్టారు పాటలు కట్టేవాడు. కాగితం మీద ఐదు గీతలుంటాయి. స్వరం ఏ గీత మీద కూర్చుంటే ఆ పేరు. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన స్వరాలు ఏ గీత మీదా కుదురుగా కూర్చోలేదు. అందుకని కంప్యూటరు కొన్నాడు. అందులో స్వరాలు రాసే ప్రోగ్రాం ఒకటి పెట్టించాడు. కీలు నొక్కడానికీ ఆ చేతులు పనికిరాలేదు.

"సంగీతం వచ్చా?" అని అడిగాడు ఆమెను.

"రాదండి."

"పాడతావా?"

"లేదండి."

"గిన్నెలు కడుక్కుంటూ కూనిరాగమైనా తీస్తావా?"

"తీయనండి."

"రేపట్నుంచి రా. ఇంతకుముందు వచ్చినవాడికి సంగీతం వచ్చు. నేనొకటి చెబితే వాడొకటి బాగుచేసేవాడు."

మాస్టారిది ఇంటి వెనక గది. కిటికీ బయట సైకిళ్ళు నిలిపే షెడ్డు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఇ, ఒకటి. జి, అర. ఎఫ్, అర. అక్షరం స్వరం పేరు. అంకె అది తాళంలో ఎన్ని దెబ్బలు నిలవాలో. ఐదో నంబరు కీ నొక్కితే ఒక దెబ్బ, ఆరు నొక్కితే రెండు. ఏ స్వరమూ లేకుండా ఆగాల్సిన చోట సున్నా. దాన్ని మాస్టారు "ఊరుకో" అనేవాడు. ఊరుకో, రెండు. మొదటి రోజు ఆ మాట విని ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నిన్ను కాదు టైపమ్మా. బాకాని."

అప్పట్నుంచి ఆమె టైపమ్మ. బ్యాండువాళ్ళకూ, మాస్టారి కూతురికీ, టీ కొట్టువాడికీ అదే పేరు.

చెబుతున్నంతసేపూ కంప్యూటరు టిక్కు టిక్కుమంటూ ఉండేది. నిమిషానికి అరవై. దారి తప్పకుండా ఆ చప్పుడు ఆయనకు కావాలి. రాసింది వినేటప్పుడు ఆయన చెవులకు హెడ్‌ఫోను పెట్టుకునేవాడు. అందుకని తను కొట్టింది ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ వినలేదు. రెండుసార్లు బ్యాండు వాయించే చోటికి వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. వాయించినవాటిలో తను కొట్టిన పాట ఏదో పోల్చుకోలేకపోయింది. మూడోసారి వెళ్ళలేదు. పాటలు ఆమెకు చెవుల్లో లేవు. వేళ్ళలో ఉన్నాయి. ఫలానా పాట మొదలు ఎలా అని అడిగితే, బల్ల మీద వేళ్ళు వాటంతటవే కదిలేవి.

ఆరేళ్ళలో తొమ్మిది పాటలు కొట్టింది.

ఏడో ఏట మాస్టారికి ఆయాసం పట్టుకుంది. పదో పాట అప్పుడు మొదలుపెట్టాడు. పద్నాలుగు మందికి పద్నాలుగు వరసలు చెప్పే ఊపిరి లేదు. "అందరికీ ఒకటే వరస," అన్నాడు. "బడిపిల్లల్లా అందరూ కలిసి ఒకటే చదవనీ."

నాలుగు స్వరాలు చెప్పేవాడు. ఆగేవాడు. టిక్కులు నడిచేవి. నోరు కొంచెం తెరిచి, ఛాతీ పైకి లేచి, కిందికి దిగి, మళ్ళీ చెప్పేవాడు. ఒక్కోసారి రెండు టిక్కులు. ఒక్కోసారి ఐదు. ఆమె వేళ్ళు కీల మీదే ఉండేవి. ఆయన ఆగినప్పుడల్లా, టిక్కు వినపడినప్పుడల్లా, ఐదు, సున్నా. ఐదు, సున్నా. ఎవరూ కొట్టమనలేదు. ఎవరూ వద్దనలేదు. అది తప్పని గాని, ఒప్పని గాని ఆమెకు తోచలేదు. ఆయన చెబుతుంటే రాసింది. ఆయన చెప్పకపోతే అదీ రాసింది.

మొదటి పేజీ అయ్యాక ఆయన ఒకసారి హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాడు. అయిపోయాక తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. కాసేపటికి టీ తెప్పించమన్నాడు. ఆ తర్వాతి పేజీలు వినలేదు. "అంతా అయ్యాక ఒకేసారి," అన్నాడు. పాట పూర్తయింది. రెండు వారాలకు ఆయనా అయిపోయాడు.

గది ఖాళీ చేస్తూ కూతురు కంప్యూటరును టైపమ్మకు ఇచ్చేసింది. "మీ చేతులకే అలవాటు. మా ఇంట్లో అందరికీ అడ్డమే."

నెల తిరగకుండా బ్యాండు తరఫున ఫోర్‌మన్ వచ్చాడు. పంపుహౌసులో ఫోర్‌మన్, బ్యాండులో అందరికన్నా పెద్ద బాకా ఆయనదే. రెండంతస్తులు ఎక్కి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"వాయించడానికే ఊపిరండీ. మెట్లకు కాదు," అన్నాడు.

కుర్చీ ఒక్కటే ఉంది. ఆయనకు ఇచ్చి ఆమె మంచం అంచున కూర్చుంది.

"రెండు నెలల్లో నేను రిటైరవుతున్నాను. ఆ రోజు మాస్టారి ఆఖరి పాట వాయించాలని మావాళ్ళ కోరిక. వరస ఒకటే అయినా ఒక్కో వాయిద్యానికి ఒక్కో ఎత్తులో రాసివ్వాలి. చేత్తో రాస్తే నేను ఈలోగా రిటైరయిపోతాను. కొత్త ప్రోగ్రాముల్లో ఒక్క కీ నొక్కితే పద్నాలుగూ విడివిడిగా అచ్చు పడతాయట."

"దీంట్లో పడవు," అంది ఆమె పాత కంప్యూటరు చూపిస్తూ. "ఈ ప్రోగ్రాం చేసిన కంపెనీయే మూతపడింది. ప్రింటరును ఇది గుర్తుపట్టడం మానేసి ఏడాదైంది."

"అందుకే వచ్చాను. కొనేది శాఖ. ఎంచేది మీరు. వేళ్ళు మీవి కదా."

ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ప్రింటరు పనిచేయక, మాస్టారు ఎవరిచేతో తెర మీది మొదటి పేజీని ఫోటో తీయించి ఫోర్‌మన్‌కు పంపాడట. దాన్నే అచ్చు వేయించుకున్నాడు. మడతల దగ్గర నలిగి ఉంది.

"మాస్టారి పాటంటే మాకు భయమండీ. ఎక్కడో తప్ప ఊపిరి తీసుకోనివ్వడు. అడిగితే, నీళ్ళ శాఖలో చేరి గాలి కావాలంటారేమిట్రా అనేవాడు. ఇది చూడండి. ఒక్క పేజీలో ఆరుచోట్ల ఆపాడు. మా క్లారినెట్టాయన చూసి కళ్ళు తుడుచుకున్నాడు. పోతూ పోతూ మా మీద దయ తలిచాడు అన్నాడు."

ఆమె ఆ కాగితం చూసింది. ఆమెకు అది చదవడం రాదు. గీతల మధ్య చిన్న చిన్న వంకర గుర్తులు, పక్కపక్కనే, రెండేసి, మూడేసి ఉన్నాయి.

"చాలా బాగుందండీ," అన్నాడు ఫోర్‌మన్.

ఆమె సంతోషించింది. చాలా రోజుల తర్వాత ఎవరో ఒకరు ఆమె గదిలో కూర్చుని బాగుంది అన్నారు.

శాఖవాళ్ళు ఒక కొత్త ల్యాప్‌టాప్ అరువిచ్చారు. మూడు ప్రోగ్రాములు నెలరోజులు ఊరికే వాడి చూడొచ్చు. వాటి పేర్లు నోరు తిరగక ఆమె తన సొంత పేర్లు పెట్టుకుంది. అన్నిటికన్నా ఖరీదైనది బంగళా. నెలనెలా కట్టాల్సింది అద్దిల్లు. ఎవరో నలుగురు కలిసి చేసి లోకం మీద వదిలిన ఉచితం సత్రం.

అద్దిల్లు మొదటి రోజే వద్దనుకుంది. రాసినదంతా ఎక్కడో కంపెనీవాళ్ళ కంప్యూటరులో ఉంటుంది. కట్టడం మానేస్తే తాళం. ఒక కంపెనీ మూతపడటం ఆమె చూసింది, చాలు.

బంగళాలో అన్నీ ఉన్నాయి. ఒక ప్రోగ్రాం రాసింది ఇంకోటి చదివేందుకు మధ్యవర్తి ఫైలు ఒకటి ఉంటుంది; పాతదాని నుంచి దాన్ని తీసి అందులో పడేస్తే, అదే విప్పుకుని, సర్దుకుని, పద్నాలుగు వాయిద్యాలకూ పేజీలు వేసింది. ఐదు నిమిషాలు పట్టింది. ఫోనులో చెబితే ఫోర్‌మన్ నమ్మలేదు.

"ఇక సత్రం చూడటమెందుకండీ? బంగళాయే కొనమంటాను."

"మూడూ చూస్తానన్నాను కదండీ. చూసి చెబుతాను."

సత్రంలో పాత ఫైలు తెరుచుకోలేదు. మధ్యవర్తి ఫైలు కూడా దానికి రుచించలేదు. అయితే ఒక మంచి గుణం ఉంది. ఏ కీ ఏ పని చేయాలో మనమే చెప్పొచ్చు. ఆమె ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, పాతదానిలో ఎలా ఉండేవో కీలన్నీ అలాగే మార్చింది. సరిపోయాయో లేదో చూడాలి. ఏదైనా కొట్టి చూడాలి. వేళ్ళకు ముందుగా వచ్చింది ఆఖరి పాట.

గదిలో టిక్కు లేదు. ఎదురుగా ఎవరూ ఆగడం లేదు. వేళ్ళు తమ వేగాన తాము పోయాయి. ఇ, జి, ఎఫ్. ఒక పేజీ కొట్టి, వినిపించే కీ నొక్కింది. ఈ ల్యాప్‌టాప్‌కు హెడ్‌ఫోను లేదు. పాట గదిలోకి వచ్చింది.

అది ఆమెకు తెలుసు.

టీ కోసం ఎదురుచూస్తూ మాస్టారు నోరు మూసుకుని, ముక్కుతో, కిటికీ వంక చూస్తూ తీసే రాగం అది. ఏడేళ్ళు విన్నది. అది పాట అని ఆమె అనుకోలేదు. పెద్దవాళ్ళు చేసే చప్పుడు అనుకుంది. దాదాపు ఎక్కడా ఆగకుండా, చేతిలోంచి జారిన దారపుండలా, చివరిదాకా పోయేది.

పాత కంప్యూటరు పెట్టి, అదే పేజీని అందులో విన్నది. నాలుగు స్వరాలు. ఆగింది. టిక్కు లేకపోయినా ఆమె లెక్కపెట్టింది. మూడు. మళ్ళీ ఐదు స్వరాలు. రెండు. ఆ ఖాళీల్లో కుర్చీ కిర్రుమనడం లేదు, గొంతులో పిల్లికూత లేదు. అయినా ఏ ఖాళీ ఏ రోజుదో ఆమె చెప్పగలదు.

అప్పుడు బంగళా తెరిచి చూసింది. అది చాలా శుభ్రంగా సర్దింది. మాస్టారు నోటితో "ఊరుకో, రెండు" అన్నప్పుడు ఆమె ఆరు, సున్నా కొట్టేది. తెర మీద ఒకటే గుర్తు పడేది. ఆయన చెప్పకుండా ఆగితే టిక్కుకొకటి చొప్పున ఒక్కో గుర్తు. పాత ఫైలులో ఆయనవి ఆయనవిగా, తనవి తనవిగా ఉన్నాయి. బంగళా ఒంటి గుర్తులన్నిటినీ కలిపి పెద్ద గుర్తులు చేసింది. ఎవరు చెప్పినవి, ఎవరు కొట్టినవి, అంతా ఒకటే.

ఆదివారం అక్క ఫోను చేసింది.

"ఏమిటే, గొంతు అదోలా ఉంది?"

"తప్పు రాశానక్కా."

"ఎవరిదీ?"

"మాస్టారిది. ఆయన ఊపిరి పీల్చుకోవడాన్ని కూడా పాటలో రాసేశాను."

"ఆయన చూసుకోలేదా?"

"ఒక పేజీ విన్నారు. ఏమీ అనలేదు."

"మౌనం అర్ధాంగీకారం. వదిలెయ్. పోయినాయన వచ్చి కేసు పెడతాడా?"

కోర్టులో అలా రాయరు. జవాబు ఇవ్వలేదు అని రాస్తారు. అంగీకారమా కాదా అన్నది తేల్చడం టైపిస్టు పని కాదు. ఈ మాట ఆమె అక్కకు చెప్పలేదు. వంటేం చేశావని అడిగి ఫోను పెట్టేసింది.

తేల్చేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. బంగళా కొనమంటే చాలు. శుభ్రమైన పేజీలు వస్తాయి. బ్యాండుకు ఊపిరి దొరుకుతుంది. ఆ గదిలో ఆయన ఆగినప్పుడు ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉందని, ఎవరికీ తెలియకపోయినా, పాటలో ఉండిపోతుంది. ఈ చివరి సంగతి దగ్గర ఆమె ఆగింది. రెండు రోజులు ల్యాప్‌టాప్ తెరవలేదు.

మూడో రోజు పంపుహౌసుకు వెళ్ళింది. బ్యాండు సాధన చేసేది అక్కడి మీటర్ల గదిలో. గోడ నిండా గుండ్రటి మీటర్లు, వాటిలో వణికే ముళ్ళు. నేల సన్నగా అదురుతూ ఉంటుంది. ఫోర్‌మన్ ఒక్కడే ఉన్నాడు, తన బాకాను ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుస్తున్నాడు.

ఆమె అంతా చెప్పింది. టిక్కు, ఆయాసం, ఐదు, సున్నా. ఆయన గుడ్డ పక్కన పెట్టాడు.

"అయితే అది దయ కాదంటారు."

"కాదండి. ఆయాసం."

"మొదటి పేజీ విన్నాడన్నారు. ఏమీ అనలేదు. మాస్టారు ఒక స్వరం అటూ ఇటూ అయితే మా పుట్టుపూర్వోత్తరాలు ఎత్తేవాడు. నచ్చకపోతే ఊరుకుంటాడా?"

"అప్పటికి ఆయనకు తిట్టే ఓపిక లేదండి."

ఫోర్‌మన్ మీటర్ల వంక చూశాడు. "ఎవరికి తెలుస్తుందమ్మా?"

"నాకు తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు."

"నాకు చెప్పకపోయి ఉంటే బాగుండేది. మా క్లారినెట్టాయనకు నేనేం చెప్పను?"

"నేను చెబుతాను. తప్పు నాది కదా."

"వద్దులెండి. వాడు మళ్ళీ కళ్ళు తుడుచుకుంటాడు." ఆయన నవ్వలేదు. "అవి తీసేస్తే పాట ఎలా ఉంటుంది?"

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి, సత్రంలో కొట్టిన పేజీ వినిపించింది. నేల అదురు మీద పాట సన్నగా వచ్చింది. ఆయన తల వంచుకుని విన్నాడు. అయిపోయాక ఇంకోసారి పెట్టమన్నాడు.

"ఇదీ మాస్టారంటే," అన్నాడు. "చంపేస్తాడు."

"వాయించలేరా?"

"ఒక్కడైతే చచ్చినా వాయించలేడు. పద్నాలుగు మందికీ ఒకటే వరస కదా. ఒకడు ఊపిరి తీసుకుంటుంటే పక్కవాడు మోస్తాడు. వాడు తీసుకుంటుంటే వీడు. వంతులు వేసుకుంటే బయటివాళ్ళకు ఆగినట్టే తెలియదు."

"అయితే బంగళా వద్దండీ. అది అన్నీ కలిపేస్తుంది. తీసేస్తే మాస్టారు నోటితో చెప్పినవి కూడా పోతాయి. సత్రంలో మొదట్నుంచీ మళ్ళీ కొడతాను. అదీ పద్నాలుగూ విడిగా అచ్చు వేస్తుంది."

"ఉచితందా? శాఖ కొంటానంటే ఉచితంది పట్టుకుంటారేమిటండీ? ఆఫీసులో నన్ను అనుమానిస్తారు."

"అనుమానిస్తే నా దగ్గరికి పంపండి. వాంగ్మూలం ఇస్తాను."

ఇప్పుడు నవ్వాడు.

పాత కంప్యూటరు ఎడమ పక్కన, కొత్తది కుడి పక్కన పెట్టుకుని ఆమె పని మొదలుపెట్టింది. వేళ్ళకు పాట వచ్చు. ఆగాల్సిన చోటుకు వచ్చినప్పుడే పాత తెర చూడాలి. రెండు దెబ్బల గుర్తు ఒక్కటిగా ఉంటే మాస్టారిది. ఉంచేది. ఒంటి గుర్తులు పక్కపక్కన వరసగా ఉంటే తనవి. వదిలేసి ముందుకు పోయేది. అలా వదిలిన ప్రతిచోటా కాగితం మీద ఒక గీత గీసింది. ఇది ఎవరికీ చూపించేందుకు కాదు. వదిలినదానికి కూడా లెక్క ఉండాలని.

చిక్కు ఎక్కడంటే, ఒక్క దెబ్బ విరామాల దగ్గర. మాస్టారు "ఊరుకో, ఒకటి" అన్నా ఐదు, సున్నాయే. ఆయన ఒక్క టిక్కు ఊపిరికి ఆగినా ఐదు, సున్నాయే. అవి పందొమ్మిది ఉన్నాయి. పాట నడకను బట్టి చెప్పగలరా అని ఫోర్‌మన్‌కు ఫోను చేసింది.

"ఎవరి పాటైనా చెప్పగలనండీ, మాస్టారిది చెప్పలేను. నాలుగు దెబ్బల చోట ఐదు పెట్టి, మేం మెలకువగా ఉన్నామో లేదో చూసేవాడు."

కాబట్టి తనే గుర్తు తెచ్చుకోవాలి. "ఒకటి" అన్నప్పుడు ఆయన కుర్చీ చేతి మీదనుంచి చూపుడువేలు కొంచెం పైకి లేపేవాడు. కళ్ళు మూసుకుని ఆ వేలు వెతికింది. కొన్నిచోట్ల లేచింది. కొన్నిచోట్ల లేవలేదు. రోజుకు రెండో మూడో తేలేవి. ఒకటి వానరోజుది. ఒకటి ఆయన దుప్పటి కప్పుకున్న రోజుది. అది ఊపిరే. ఒకచోట ఆయన "ఊరుకో, ఒకటి, నువ్వు కాదు" అన్నాడు, పాత హాస్యం, చాలా రోజుల తర్వాత. అది ఆయనది. పద్దెనిమిది తేలాయి.

ఐదు గీతలను దెబ్బల లెక్కన గడులుగా కోసి, వాటికి నంబర్లు వేస్తుంది ప్రోగ్రాం. వాటిలో నూట పన్నెండో గడిలోది తేలలేదు. ఆ రోజు కిటికీ బయట షెడ్డులో ఒక సైకిలు పడింది. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. ఆమె అటు చూసింది. ఆ క్షణంలో మాస్టారు ఏమైనా అన్నాడా, వేలు లేపాడా, ఊరికే ఆగాడా, ఆమె చూడలేదు. తల తిప్పేసరికి తర్వాతి స్వరం చెబుతున్నాడు. వేళ్ళు మాత్రం అప్పటికే సున్నా కొట్టాయి.

కోర్టులో అయితే ఒక మాట ఉంది: సరిగా వినపడలేదు. బ్రాకెట్లు పెట్టి అలా రాస్తారు. ఐదు గీతల మీద దానికి గుర్తు లేదు. సత్రంలో వెతికింది. బంగళాలో కూడా వెతికింది.

"తీసేస్తే ఆయనది పోతుందేమో," అంది ఫోనులో. "ఉంచితే నాది మిగులుతుందేమో."

"ఏది నయమంటారు?"

"ఆయనది పోకపోవడం."

"అయితే ఉంచండి," అన్నాడు ఫోర్‌మన్. "ఇంకోచోట కూడా అందరం కలిసి గాలి పీలుస్తాం."

పేజీలు అచ్చయ్యాయి. పద్నాలుగు కట్టలు. ఆమె వాటిని మీటర్ల గదిలో ఇచ్చి, సంతకం పెట్టించుకోబోయి, ఇది కోర్టు కాదని గుర్తొచ్చి మానుకుంది. ల్యాప్‌టాప్ శాఖకు తిరిగిచ్చింది. క్లారినెట్టాయన ఆమెను చూసి కుర్చీలోంచి కొంచెం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

ఫోర్‌మన్ రిటైరయ్యే రోజు సాయంత్రం నాలుగింటికి, గొట్టాలు నిలవచేసే షెడ్డు ఖాళీ చేసి కుర్చీలు వేశారు. ఉపన్యాసాలయ్యాయి. ఒక ఇంజనీరు ఫోర్‌మన్ పేరు తప్పు పలికి, సరిదిద్దుకుని, మళ్ళీ తప్పు పలికాడు. అందరూ నవ్వారు. ఆమె వెనక వరసలో, మధ్య కుర్చీలో కూర్చుంది. ఆ వరసకు ఒక పక్క గోడ. గోడవైపు ఎవరో ఒకాయన కూర్చున్నాడు.

బ్యాండు మొదలుపెట్టింది.

ఈసారి పోల్చుకుంది. మొదటి స్వరానికే ఒళ్ళో వేళ్ళు కదిలాయి. ఇ, జి, ఎఫ్, ఇంకొకటి. ఇక్కడ మూడు. బ్యాండు ఆగలేదు. ఆమె ఆగింది. తను వదిలేసిన చోటే అని తెలుసు. అయినా వేళ్ళు సున్నా మీదికి పోయాయి. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ అందుకుంది. బ్యాండు అప్పటికి మూడు దెబ్బలు ముందుంది. తర్వాత రెండు. తర్వాత నాలుగు. పేజీ చివరికి వచ్చేసరికి వాళ్ళెక్కడో, తనెక్కడో.

వాళ్ళు వాయిస్తున్నది ఒప్పు. ఒకడు ఊపిరి తీసుకుంటుంటే పక్కవాడు మోస్తున్నాడు. ఎక్కడా అతుకు కనపడలేదు. దారపుండ జారుతూనే ఉంది. ఆమె దాని వెనక తన వేగాన తను నడిచింది. పరిగెత్తి అందుకోవాలని ఒకసారి చూసింది. రెండు ఖాళీలు వదిలి ముందుకు దూకింది. వేళ్ళు ఒప్పుకోలేదు. వెనక్కి వచ్చి ఆ రెండూ లెక్కపెట్టాయి.

చివరికి దగ్గరవుతుండగా షెడ్డంతా హఠాత్తుగా మూగబోయింది. పద్నాలుగు మంది ఒకేసారి గాలి పీల్చిన చప్పుడు చివరి వరసదాకా వినిపించింది. నూట పన్నెండు. ఆమె ఇంకా నూట మూడో గడిలో ఉంది.

పాట అయిపోయింది. చప్పట్లు కొట్టారు. ఫోర్‌మన్ లేచి నిలబడ్డాడు, బాకా ఇంకా చేతుల్లోనే ఉంది, చెయ్యి ఖాళీ లేక ఎవరికీ నమస్కారం పెట్టలేకపోయాడు. ముందు వరసలవాళ్ళు లేచి ఆయన చుట్టూ చేరారు. ఎవరో ఫోటోకు నిలబడమంటున్నారు. కుర్చీలు జరుగుతున్నాయి.

గోడవైపు కూర్చున్నాయన లేచి, బయటికి వెళ్ళడానికి ఆమె ముందు ఆగాడు. ఆమె మోకాళ్ళు దారికి అడ్డంగా ఉన్నాయి. వేళ్ళు ఒళ్ళో కదులుతున్నాయి.

"కొంచెం దారిస్తారా అమ్మా?"

"ఒక్క నిమిషం," అంది ఆమె.

నిమిషానికి అరవై టిక్కుల లెక్కన అంతే పడుతుంది. ఇంటి దగ్గర కాగితం మీద గీసిన గీతల చోట్లు, పాటలోంచి తను వదిలేసినవన్నీ కలిపితే యాభై ఎనిమిది టిక్కులు. దారి అడిగినాయన ఏమనుకున్నాడో, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె తల వంచుకుని కొట్టుకుంటూ పోయింది. సైకిలు పడిన చోటు దాటింది. దుప్పటి కప్పుకున్న రోజు దాటింది. చివరి పేజీలో ఖాళీలు పెద్దవి, స్వరాలు తక్కువ. చివరి స్వరానికి ముందు ఐదు టిక్కులున్నాయి. వాటిలో ఒక్కటీ ఆమె తగ్గించలేదు.

స్వరం కొట్టి, లేచి, పక్కకు తప్పుకుని దారిచ్చింది.